హోస్టింగ్ మారితే సైట్ 48 గంటలు ఆగాల్సిందేనా?

వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరిగే సలహా ఇది: "హోస్టింగ్ మారిస్తే డీఎన్ఎస్ అంతటా పాకడానికి 48 గంటలు పడుతుంది, అప్పటిదాకా సైట్ డౌన్. శనివారం రాత్రి మార్చండి. డొమైన్ కూడా కొత్త కంపెనీకే ఇచ్చేయండి. గూగుల్ ర్యాంకు పడిపోక తప్పదు." దీన్ని నమ్మి చిన్న వ్యాపారులు అనవసరంగా సైట్ మూసుకుంటున్నారు. అందుకే ఒక్కో ముక్కా విప్పి చూడాలి.

"48 గంటలు పడుతుంది." డీఎన్ఎస్ అంటే డొమైన్ పేరును సర్వర్ చిరునామాకు (ఐపీ) కలిపే వ్యవస్థ. అది ఎక్కడికీ పాకదు. ప్రతి రికార్డుకూ టీటీఎల్ అనే గడువు సెకన్లలో ఉంటుంది. రిజాల్వర్లు, అంటే మన తరఫున ఆ చిరునామా వెతికిపెట్టే సర్వర్లు, పాత జవాబును అంతసేపు దాచుకుని, గడువు తీరాక మళ్లీ అడుగుతాయి. డాట్ కామ్ రిజిస్ట్రీలో నేమ్‌సర్వర్ (డొమైన్ రికార్డులు ఉండే సర్వర్) రికార్డుల టీటీఎల్ 1,72,800 సెకన్లు, అంటే 48 గంటలు. నేమ్‌సర్వర్లు మారిస్తేనే ఆ లెక్క. వాటిని ముట్టుకోకుండా, సైట్ ఐపీ చెప్పే 'ఏ' (A) రికార్డులో ఐపీ మారిస్తే చాలు. దాని టీటీఎల్ 14,400 సెకన్లు (నాలుగు గంటలు) ఉంటే ముందు 300కి తగ్గించి, కనీసం నాలుగు గంటలు ఆగి, ఆ తర్వాత ఐపీ మార్చాలి. తగ్గించిన వెంటనే మారిస్తే ఫలితం ఉండదు. పాత గడువుతో దాచుకున్న రిజాల్వర్లు పాత ఐపీనే చెబుతుంటాయి.

క్వాడ్ ఏ (AAAA, అంటే ఐపీవీ6 అనే కొత్త తరహా చిరునామా చెప్పే) రికార్డు ఉంటే దాన్నీ మార్చండి. చాలామంది మరిచేది ఇదే. జియో మొబైల్ డేటా ఎక్కువగా ఐపీవీ6 మీద నడుస్తుంది కాబట్టి, ఇది మరిస్తే ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్‌లో కొత్త సైట్, కస్టమర్ ఫోన్లో పాత సైట్ కనిపించవచ్చు.

"అప్పటిదాకా సైట్ డౌన్." పాత సర్వర్ ఆపేస్తేనే డౌన్. రెండూ నడుస్తుంటే ఎటు వెళ్లినా పేజీ తెరుచుకుంటుంది. అసలు ప్రమాదం వేరే ఉంది: కొన్ని ఆర్డర్లు పాత డేటాబేసులో, కొన్ని కొత్తదాంట్లో పడతాయి. తర్వాత వాటిని కలపడం నరకం.

దీనికి వరస ఇది. రెండు రోజుల ముందే ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో ఫైళ్లు పంపి, డేటాబేస్ కాపీ ఎక్కించి, మీ కంప్యూటర్లో హోస్ట్స్ ఫైల్లో (డీఎన్ఎస్ కంటే ముందు కంప్యూటర్ చూసే ఫైలు) డొమైన్ పక్కన కొత్త ఐపీ రాసి లాగిన్, పేమెంట్, ఫోటో అప్‌లోడ్ పరీక్షించండి. ఇక్కడ సర్టిఫికెట్ ఎర్రర్ రావచ్చు. ఉచిత సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ చేసే హెచ్‌టీటీపీ తనిఖీ ఇంకా పాత సర్వర్‌కే వెళ్తుంది. టీఎక్స్‌టీ రికార్డుతో డీఎన్ఎస్ తనిఖీ చేయించండి, లేదా పాత సర్టిఫికెట్‌ను, ప్రైవేట్ కీని కాపీ చేయండి.

మార్చే వేళ పాత సైట్‌ను మెయింటెనెన్స్‌లో పెట్టి, క్రాన్ జాబ్‌లు (వేళకు వాటంతటవే నడిచే పనులు) ఆపండి. లేకపోతే కస్టమర్లకు ఒకే మెయిల్ రెండుసార్లు పోతుంది. ఆర్‌సింక్ మళ్లీ నడపండి, ఈసారి మారిన ఫైళ్లే వెళ్తాయి. పాత డేటాబేసు తాజా డంప్‌ను (పూర్తి కాపీని) కొత్త డేటాబేసులోకి ఎక్కించండి. తర్వాత పాత సర్వర్లోని ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ను, వచ్చిన అభ్యర్థనలను కొత్త ఐపీకి పంపే ప్రాక్సీగా మార్చి, చివరగా 'ఏ' రికార్డు మార్చండి. ప్రాక్సీలో అసలు హోస్ట్ హెడర్ (ఏ డొమైన్ అడిగారో చెప్పే సమాచారం) పంపకపోతే కొత్త సర్వర్ డిఫాల్ట్ పేజీ చూపిస్తుంది. హెచ్‌టీటీపీఎస్ మీద పంపుతుంటే ప్రాక్సీ ఎస్ఎస్ఎల్ సర్వర్ నేమ్ (proxy_ssl_server_name) అనే సెట్టింగ్ కూడా ఆన్ చేయాలి, ఎన్‌జిన్‌ఎక్స్‌లో అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఇంత చేస్తే ఆగేది డంప్ తీసి ఎక్కించే కాసేపే. చిన్న దుకాణం సైట్‌కు అది నిమిషాల పని.

"శనివారం రాత్రి." భోజనం ఆర్డర్లు తీసుకునే సైట్‌కు రద్దీ వేళ అదే. మీ యాక్సెస్ లాగ్ తెరిచి, రద్దీ తక్కువున్న గంట చూసుకోండి.

"డొమైన్ కూడా ఇచ్చేయండి." డొమైన్ రిజిస్ట్రేషన్ వేరు, హోస్టింగ్ వేరు. రెండూ ఒకేసారి కదిలిస్తే, తేడా వచ్చినప్పుడు దేనివల్లో తెలియదు. నేమ్‌సర్వర్లూ మార్చాల్సి వస్తే మెయిల్‌ను నడిపే ఎంఎక్స్, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులన్నీ ముందే కొత్త చోట రాసి ఉంచండి, లేకపోతే సైట్ బాగానే ఉండి మెయిల్ ఆగిపోతుంది. డీఎన్ఎస్‌సెక్ (డీఎన్ఎస్ జవాబులకు డిజిటల్ సంతకం) ఆన్‌లో ఉంటే ముందు ఆ సంతకాన్ని ధ్రువీకరించే డీఎస్ రికార్డు తీయించి, దాని గడువు తీరేదాకా ఆగండి. తొందరపడితే సంతకాలు తనిఖీ చేసే రిజాల్వర్లు మీ డొమైన్‌ను మొత్తంగా తిరస్కరిస్తాయి.

"ర్యాంకు పడిపోతుంది." యూఆర్ఎల్‌లు మారనప్పుడు ఐపీ మార్పు ఒక్కదానితో పడదు. గూగుల్ బాట్ కొద్దిరోజులు నెమ్మదిగా వచ్చి, తర్వాత మళ్లీ పుంజుకుంటుంది. దెబ్బ తగిలేది పరీక్ష కాపీలో సెర్చ్ ఇంజన్లను అడ్డుకునే టిక్కు అలాగే వదిలేసినప్పుడు.

పాత ఖాతాను కనీసం ఒక వారం ఉంచండి. దాని లాగ్‌లో బాట్లు తప్ప మనుషుల రాక కనిపించనప్పుడు, పాత మెయిల్‌బాక్సుల కాపీ తీసుకున్నాకే రద్దు చేయండి.