7,000 అడుగుల ఎత్తున ఇడ్లీపిండి

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలు కాసేటప్పుడు, విజయవాడలో ఉద్యోగ విరమణకు దగ్గరపడిన ప్రతి మనిషీ కరెంటు పోయిన ఏదో ఒక మధ్యాహ్నం విసనకర్ర విసురుకుంటూ, మిగిలిన జీవితమంతా చల్లటి కొండమీద గడిపేస్తానని ప్రతిజ్ఞ చేస్తాడు. కరెంటు రాగానే ప్రతిజ్ఞ మరుగునపడుతుంది. మా బావగారి విషయంలో మాత్రం, వీధిలో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి రాత్రంతా కరెంటు రాకపోవడం వల్ల, ప్రతిజ్ఞ తెల్లవారేదాకా నిలిచింది. తెల్లవారాక ఆయన దానికి అంచనాలు వేశారు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసిన మనిషి అంచనాలు వేసిన పని మొదలుకాకుండా ఉండదు. పూర్తికావడం సంగతి వేరు.

ఊరి ఎంపిక దగ్గర ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. అరకు అయితే పలకరించడానికి మనవాళ్ళు ఉంటారని అక్కయ్య అంది. అక్కడ చెప్పుకోదగ్గ సరస్సు లేదని బావగారు కొట్టిపారేశారు. ప్రకాశం బ్యారేజీని చూస్తూ పెరిగి, ఉద్యోగకాలమంతా కాలువలూ తూముల మధ్య గడిపిన ఆయనకు కిటికీలోంచి నీళ్ళు కనిపించకపోతే ఊపిరాడదు. చివరికి తమిళనాడులోని పళని కొండలమీద, దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉన్న కొడైకెనాల్ దగ్గర ఆయన మనసు కుదుటపడింది. అందుకు చల్లదనం ఒక్కటే కారణం కాదు. నక్షత్రాకారంలో ఉండే అక్కడి సరస్సు ప్రకృతి ఇచ్చినది కాదనీ, 1863లో మదురై కలెక్టరుగా ఉన్న వేర్ హెన్రీ లెవింజ్ కట్ట వేయించడం వల్ల ఏర్పడిందనీ, ఆ కలెక్టరు ఉద్యోగ విరమణ తర్వాత ఆ ఊళ్ళోనే స్థిరపడ్డాడనీ ఆయన ఎక్కడో చదివారు. కట్ట వేయించిన అధికారే ఆ గట్టున విశ్రాంతి తీసుకున్నాడంటే, శాఖాపరంగా అంతకు మించిన సిఫారసు ఉండదని ఆయన తీర్మానం. లెవింజ్ దొరగారింట్లో వంట ఎవరు చేసేవారో, వాళ్ళు ఆ చలిలో ఏమనుకునేవారో ఆ చదివినదాంట్లో లేదు.

కొండమీద సరస్సు పక్కన ఇల్లు అనగానే మనవాళ్ళందరూ కళ్ళతోనే ఆలోచిస్తారు. పొగమంచు, యూకలిప్టస్ చెట్లు, పొద్దున్నే సరస్సు చుట్టూ 5 కిలోమీటర్ల నడక, గట్టున పొగలు కక్కే కాఫీ, అన్నీ కళ్ళకు కనిపించేవే. మనతోపాటు మన వంటిల్లు కూడా అంత ఎత్తుకు ఎక్కవలసి వస్తుందన్న సంగతి, పప్పు పొయ్యిమీద పెట్టి ఎసరు వంక చూస్తూ కూర్చున్నప్పుడు గాని తెలియదు.

అక్కయ్యకు అది మొదటి పూటే తెలిసింది. కందిపప్పు ఎప్పటిలాగే కుక్కరులో పెట్టి, ఎప్పటిలాగే మూడు విజిళ్ళకు దించితే, గింజలు గింజలుగా నిలబడి ఆమె వంక చూశాయి. ఈ ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కనుక నీరు 93 డిగ్రీల దగ్గరే మరుగుతుందనీ, కుక్కరులో కూడా కింద ఉన్నంత వేడి పుట్టదనీ బావగారు ఎంతో ఉత్సాహంగా వివరించారు. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి బయటికి రానన్నప్పుడు, ఆ నూనె 24 డిగ్రీల దగ్గర గట్టిపడుతుందనీ, ఇక్కడ మే నెల పగళ్ళు సైతం 20 చుట్టుపక్కలే ఉంటాయనీ చెప్పారు. విజయవాడనుంచి జాగ్రత్తగా మోసుకొచ్చిన గుమ్మడి వడియాలు మెత్తబడి, నూనెలో పొంగడం మానేసినప్పుడు గాలిలోని తేమ గురించి చెప్పారు. ఆరేసిన పంచె మూడో రోజుకి కూడా ఆరనప్పుడు మళ్ళీ తేమ గురించే చెప్పబోయారు గాని, అక్కయ్య ముఖం చూసి ఆగిపోయారు. ప్రతి కష్టానికీ కారణం తెలిసిన మనిషి పక్కన ఉంటే ఆ కష్టం రెట్టింపవుతుందని కాపురం చేసే ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇల్లు మాత్రం మంచిదే. సరస్సుకు పైన వాలుమీద పెంకుటిల్లు, హాలులో పాతకాలపు ఫైర్‌ప్లేసు, చుట్టూ తీగ కంచె, కంచె అవతల బేరిపండ్ల చెట్లు. సరస్సు కనిపిస్తుందని ఇల్లు చూపించిన మనిషి చెప్పిన మాట అబద్ధం కాదు. మంచు లేని పూట వంటింటి కిటికీ దగ్గర ముక్కాలిపీట ఎక్కితే ఒక మూల కనిపిస్తుంది.

వేసవి రాగానే చుట్టాల రాక మొదలైంది. 2024 మే 7 నుంచి కొడైకెనాల్‌కు, ఊటీకి బయటి వాహనాల్లో వచ్చేవాళ్ళు ఈ-పాస్ తీసుకోవాలని మద్రాసు హైకోర్టు ఉత్తర్వు ఉంది. ఆ నిబంధన గురించి విన్నప్పుడు, రద్దీ తగ్గుతుందని బావగారు పైకి అన్నారు గాని, చుట్టాలు తగ్గుతారని లోపల ఆశపడ్డారని నా అనుమానం. కానీ ఆ పాస్ ఫోనులోనే తీసుకోవచ్చు. మన పిల్లలకు సినిమా టికెట్ల దగ్గర అలవాటైన పనే. ఎండలు ముదిరేసరికి మొదట నేను దిగాను. నా వెనకే అక్కయ్య కూతురి అత్తమామలు వస్తున్నట్టు కబురు వచ్చింది.

మగపెళ్ళివారు, అందులోనూ పెళ్ళయ్యాక తొలిసారి వస్తున్నారు. పైగా వియ్యంకుడుగారికి ఒక నియమం ఉంది. ఆయన పొద్దున్న పూట ఇడ్లీ తప్ప మరొకటి ముట్టరు. ఎవరింటికి వెళ్ళినా ఆ సంగతి ముందుగా వియ్యపురాలుగారు ఫోనులో ఎంతో మొహమాటంగా తెలియజేస్తారు. వాళ్ళు రైల్లో మదురై చేరుకుని, మీనాక్షి అమ్మవారి దర్శనం చేసుకుని, రాత్రి అక్కడే ఉండి, మర్నాడు వేకువనే కారులో బయల్దేరి టిఫిను వేళకు కొండమీద ఉంటామన్నారు. అంటే మర్నాటికి ఇడ్లీ ఉండాలి. ఇడ్లీ ఉండాలంటే పిండి పులవాలి. విజయవాడలో మే నెలలో పిండిని ఎవరూ పులియబెట్టరు. అది పొంగి గిన్నె దాటకుండా ఆపుకుంటారు. కొడైకెనాల్‌లో పిండి ఎలా కలిపి పెడితే మర్నాడు పొద్దున్న అలాగే ఉంటుంది.

అక్కయ్య మధ్యాహ్నమే మినపపిండి రుబ్బి, ఇడ్లీరవ్వ కలిపి, ఉప్పు వేసి, పెద్ద స్టీలు గిన్నెలో మూతపెట్టింది. అక్కడినుంచి ఆ గిన్నె బాధ్యత బావగారు స్వీకరించారు. ముందుగా దానిని ఫైర్‌ప్లేసు పక్కన పెట్టించారు. గంట తర్వాత చూస్తే నిప్పు వైపున్న పిండి గిన్నెకు అంటుకుని దిబ్బరొట్టెలా తయారైంది, ఇటు వైపున్నది మంచులా చల్లగా ఉంది. వేడి అన్ని వైపులా సమానంగా అందాలని సిద్ధాంతం చేసి, గిన్నెను బాత్రూములో గీజరు కింద స్టూలుమీదికి మార్చారు. ఉరుములతో వాన మొదలై కరెంటు పోయింది. అప్పుడు ఆయన తన కొత్త ఉన్ని స్వెట్టరు తెచ్చి గిన్నెకు తొడిగి, చేతులు వెనక్కి ముడివేసి, మూతమీద మంకీ క్యాపు పెట్టారు. వియ్యంకులకోసం కొనిపెట్టిన మఫ్లరు కూడా చుట్టబోతుంటే అక్కయ్య లాక్కుంది.

ఈలోగా పక్కింటావిడ వచ్చి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. వాళ్ళది తేని వైపు కుటుంబం. నాయకరాజుల కాలంలో ఆ ప్రాంతాలకు వలసవెళ్ళిన తెలుగువాళ్ళ సంతతి వాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం రాయడం మాత్రం తమిళంలో. ఆ ఊళ్ళో పిండి పులవాలంటే ముందురోజు పొద్దున్నే రుబ్బి, చేత్తో బాగా కలిపి, పాత పిండి రెండు గరిటెలు చేర్చి, గోరువెచ్చటి నీళ్ళున్న పెద్ద పాత్రలో దించి ఉంచాలని ఆవిడ చెప్పింది. కావాలంటే తమ ఇంట్లో పులిసిన పిండి ఇస్తానని కూడా అంది. అక్కయ్య లేవబోయింది. ‘అక్కరలేదమ్మా, మావాళ్ళకు మా పిండే అలవాటు’ అని బావగారు దండం పెట్టి పంపించేశారు. ఇంజనీరుకు పక్కింటి పిండి అరువు తెచ్చుకోవడం కన్నా పెద్ద అప్రతిష్ఠ ఉండదు కాబోలు.

ఆవిడ వెళ్ళాక ఆయనకు అసలైన ఆలోచన వచ్చింది. వియ్యంకులకోసం సిద్ధం చేసిన గదిలో రెండు మందపాటి రజాయిలు ఉన్నాయి. అక్కయ్య మోకాళ్ళ నొప్పులకు వాడే వేడినీళ్ళ రబ్బరు సంచులు రెండు ఉన్నాయి. గ్యాసు పొయ్యికి కరెంటుతో పనిలేదు. కనుక మంచానికి కాళ్ళ వైపు పరుపుమీద గిన్నెను కూర్చోబెట్టి, అటొక సంచీ ఇటొక సంచీ పెట్టి, పైన రెండు రజాయిలూ కప్పి, అంచులు పరుపు కిందికి దోపారు. స్వెట్టరూ టోపీ తీయలేదు. వాళ్ళు వచ్చేది పొద్దున్న కదా, ఆరింటికి గిన్నె తీసేసి పక్క సర్దేయవచ్చునని లెక్క. లెక్కలో తప్పేమీ లేదు. మదురై ఎండ ఒక్కటే అందులో చేర్చలేదు.

మదురైలో దిగిన వియ్యంకుడుగారికి, ఇంత దూరం వచ్చింది మళ్ళీ విజయవాడ ఎండలోనే ఉండటానికా అనిపించింది. దర్శనం కాగానే కారు మాట్లాడుకుని, రాత్రికే కొండ ఎక్కేశారు. ఫోను చేశారట గాని, వానకు మా ఇంట్లో సిగ్నలు లేదు. రాత్రి పది దాటాక తలుపు చప్పుడైంది. ఘాటు రోడ్డు మలుపులకు వియ్యపురాలుగారు కళ్ళు తిరిగి హాలులో కుర్చీలో కూలబడ్డారు. భోజనం వద్దు, నడుం వాలిస్తే చాలన్నారు వియ్యంకుడుగారు. అక్కయ్య పాలు కాచడానికి వంటింట్లోకి పరుగెత్తింది. వచ్చినవాళ్ళను చూసిన సంబరంలో బావగారు టార్చి పట్టుకుని ఆయనను గదిలోకి తీసుకెళ్ళి, మంచం చూపించి, వేడి నీళ్ళు కావాలా, మఫ్లరు కావాలా అని అడుగుతున్నారు.

వియ్యంకుడుగారు చలికి వణుకుతూ, రజాయి ఎత్తకుండానే ఒక పక్కనుంచి నెమ్మదిగా లోపలికి దూరారు. దూరగానే ఆయన గొంతు కరిగిపోయింది.

‘బావగారూ, పక్క కూడా వెచ్చగా చేయించి ఉంచారా! ఇంత మర్యాద మా తమ్ముడింట్లో కూడా చూడలేదండీ.’

బావగారు వినయంగా నవ్వారు. వంటింట్లోంచి అక్కయ్య కేక, గదిలోంచి వియ్యంకుడుగారి కేక ఒకేసారి వినిపించాయి. ‘ఏమండీ, పిండి!’ అన్నది అక్కయ్య కేక. వియ్యంకుడుగారి కేకలో మాటలు లేవు. చలికి కాళ్ళు బార్లా చాపడంలో ఆయన మడమ తగిలి మూత జరిగింది, టోపీ ఊడింది, కుడికాలు మోకాలి కిందివరకూ స్వెట్టరు మెడలోంచి గిన్నెలోకి దిగింది. రజాయి తొలగించి చూసేసరికి గిన్నె ఒరిగిపోయి, పిండి పరుపుమీద నెమ్మదిగా పాకుతోంది.

ఆ క్షణంలో మా బావగారు అన్న మాట మా కుటుంబంలో చాలాకాలం నిలుస్తుంది. ఆయన టార్చి పట్టుకుని ముందుకు వంగి, వియ్యంకుడుగారి కాలి చుట్టూ బుడగలు కట్టిన పిండిని పరీక్షగా చూసి, ఆనందం పట్టలేక, ‘పొంగిందే!’ అన్నారు.

తర్వాతి అరగంట గురించి ఎక్కువగా రాయడం మర్యాద కాదు. వేడి నీళ్ళు ఎలాగూ కాగుతున్నాయి కనుక కాలు కడిగారు. పరుపు తిరగేశారు. వియ్యపురాలుగారి కళ్ళు తిరగడం మాత్రం నవ్వడంతో పూర్తిగా తగ్గిపోయింది. పిండి అంటిన రజాయిని అక్కయ్య చీకట్లోనే జాడించి కంచెమీద వేసింది. ఆ ఊళ్ళో పంచే ఆరదు, దూదితో కుట్టిన రజాయి ఎప్పటికి ఆరుతుందో ఎవరూ ఆమెను అడగలేదు.

పొద్దున్న అక్కయ్య బొంబాయిరవ్వ ఉప్మా చేసింది. అది ఏ ఎత్తునైనా ఉడుకుతుంది. ఉప్మా అంటే ముఖం చిట్లించే వియ్యంకుడుగారు పళ్ళెం వంక చూసి, ఇడ్లీ ప్రస్తావన తెచ్చే నైతిక హక్కు తనకు లేదనుకున్నారో ఏమో, మారుమాట్లాడకుండా చెంచా అందుకున్నారు. అంతలో కంచె దగ్గర ఏదో బరబరా చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే, మంచులో నల్లగా, మనిషి ఎత్తు భుజాలతో, నాలుగు కాళ్ళకూ తెల్ల మేజోళ్ళు తొడుక్కున్న అడవిదున్న. కొడైకెనాల్ వీధుల్లో ఇవి తిరగడం మామూలే. ఎదుగుదలకు వచ్చిన మగది 1,000 కిలోల వరకూ తూగుతుంది. అడవి జంతువులకు ఉప్పంటే ప్రాణం. మా అక్కయ్య పిండిలో ఉప్పు కొంచెం ముందే వేస్తుంది. అది తీరిగ్గా, కళ్ళు సగం మూసుకుని, రజాయిని ఈ చివరినుంచి ఆ చివరిదాకా నాకుతోంది.

దగ్గరికి వెళ్ళకండి, తలుపు తీయకండి అని పక్కింటావిడ తన కిటికీలోంచి అరిచి చెప్పింది. చెప్పకపోయినా వెళ్ళేవాళ్ళు మాలో ఎవరూ లేరు. దున్న రుచి చూడటం ముగించి తల తిప్పేసరికి రజాయి కొమ్ముకు తగులుకుంది. అది విదిలించింది, ఊడలేదు. ఆ రజాయితోనే వాలు దిగి సరస్సు రోడ్డు వైపు నడిచింది. ‘అది ఇంటివాళ్ళది, మనది కాదు, లెక్కలో రాసి ఉంది’ అని బావగారు నీరసంగా అన్నారు.

వియ్యంకుడుగారు మాత్రం మొదటినుంచి చివరిదాకా ఫోనులో వీడియో తీశారు. రెండు రోజులుండి వెళ్ళాలని వచ్చిన మనిషి, ఇలాంటి ఊరు వదిలి ఎలా వెళ్తామని టికెట్లు వాయిదా వేయించారు. ఆ వీడియో బంధువుల వాట్సాప్ గ్రూపులో పడ్డాక, ఈ-పాస్ ఎలా తీసుకోవాలో చెప్పమని అన్ని వైపులనుంచీ బావగారికి ఫోన్లు మొదలయ్యాయి. అందరికీ ఆయనే ఓపిగ్గా చెబుతున్నారు.

సాయంత్రం వియ్యపురాలుగారు వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపు తటపటాయించి, ‘వదినగారూ, అడగకూడదేమో గాని, పెసరట్టుకు పిండి పులవాల్సిన పని లేదు కదండీ?’ అన్నారు. అక్కయ్య చేతిలోని గరిటె గట్టుమీద పెట్టి, హాలులో ఫోను మాట్లాడుతున్న బావగారి వంక ఒకసారి చూసి, పెసల డబ్బా దించింది.