అకడమిక్ కౌన్సిల్‌కి అర్జీ పెడితే మార్కులు రాలవు

అకడమిక్ కౌన్సిల్ గురించిన ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. పొద్దున్నే కోట చుట్టూ నడిచే మా గ్రూపులో ఒకాయన పెట్టారు. మధ్యాహ్నానికి పాత స్టూడెంట్ల గ్రూపులో తేలింది. రాత్రికి శ్రీకాకుళం నుంచి మా తోడల్లుడు పంపారు, కింద దణ్ణం బొమ్మ జోడించి. "మాస్టారూ, మీరు ఇలాంటి మీటింగుల్లో కూర్చున్నారు కదా, ఇది నిజమేనా?" అని అడిగినవాళ్ళు తక్కువ. "అందరికీ పంపండి" అన్నవాళ్ళే ఎక్కువ.

విజయనగరంలో ఒక అటానమస్ కాలేజీలో, అంటే సిలబస్, పరీక్షలు సొంతంగా నడుపుకునే కాలేజీలో, పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని నేను. సిలబస్ తయారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఉన్నాను, దాన్ని ఆమోదించి చదువుల రూల్సు పెట్టే అకడమిక్ కౌన్సిల్‌లో ఉన్నాను, పక్క కాలేజీలకు సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గానూ వెళ్ళాను. నవ్వి ఊరుకునేవాడినే. కానీ రిజల్ట్స్ వచ్చే రోజులివి, అందులో ఒక పాయింటు పిల్లల కొంప ముంచేలా ఉంది.

మెసేజ్ చూడనివాళ్ళ కోసం సారాంశం ఇది. "విద్యార్థులారా మేల్కొనండి" అని మొదలవుతుంది. అకడమిక్ కౌన్సిల్ యూనివర్సిటీకి పార్లమెంటు, వైస్ చాన్సలర్‌ని (వీసీని) సైతం తీసేయగలదు. దాని సభ్యులను ఎమ్మెల్యేలు, మంత్రులు వేస్తారు, టీచర్లకు చోటు లేదు. సభ్యులకు నెలకు లక్షల్లో జీతం. సిలబస్ అంతా వీసీ ఇష్టం, కౌన్సిల్ ఉత్త రబ్బరు స్టాంపు. చివరగా అసలు బాంబు: తప్పిన సబ్జెక్టులకు కౌన్సిల్‌కి అర్జీ పెడితే సుప్రీంకోర్టు ఆదేశాల ప్రకారం 15 మార్కుల దాకా కలిపి పాస్ చేయాలి, కాబట్టి రీవాల్యుయేషన్‌కీ సప్లిమెంటరీకీ ఫీజులు కట్టొద్దు.

మొదటి పాయింట్లో వీసీనే పీకేయగల మహాసభ, నాలుగో పాయింట్లో వీసీ చేతిలో రబ్బరు స్టాంపు. రాసినాయన తను రాసింది తనే చదివినట్టు లేదు.

ఇంతకీ ఏ యూనివర్సిటీ గురించి? అది ఎక్కడా లేదు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే మూడు రకాలున్నాయి. ఎచ్చెర్లలో 2008లో వచ్చిన అంబేద్కర్ యూనివర్సిటీ రాష్ట్ర యూనివర్సిటీ, 1991 నాటి రాష్ట్ర యూనివర్సిటీల చట్టం కిందికి వస్తుంది, అక్కడ ఈ పని చేసేది అకడమిక్ సెనేట్. విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో సెంట్రల్ యూనివర్సిటీల చట్టాన్ని సవరించి పెట్టింది, అక్కడ అకడమిక్ కౌన్సిల్. ఇక అటానమస్ కాలేజీలకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం సొంత అకడమిక్ కౌన్సిల్ ఉంటుంది, డిగ్రీ పట్టా మాత్రం యూనివర్సిటీ పేరు మీదే వస్తుంది. ముగ్గురికీ రూల్సు వేరు. మెసేజ్‌కి మాత్రం అందరూ ఒకటే.

వీసీని తీసేయడం సంగతి. సెంట్రల్ యూనివర్సిటీలో వీసీని నియమించేది విజిటర్ హోదాలో రాష్ట్రపతి. అకడమిక్ కౌన్సిల్‌కి అధ్యక్షుడు ఎవరయ్యా అంటే ఆ వీసీయే. అంటే ఆయన కుర్చీలో కూర్చుని "నన్ను తీసేయడం గురించి అజెండాలో మూడో అంశం" అని చదవాలన్నమాట. చదువుకు సంబంధించిన విధానాలకు ఈ కౌన్సిలే పెద్ద దిక్కు, అంతవరకు నిజం. డబ్బు, పోస్టులు, ఆస్తులు, పరిపాలన అన్నీ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌వి.

ఎమ్మెల్యేలు, మంత్రులు అన్న ముక్క కూడా ఇక్కడి నుంచే పుట్టి ఉంటుంది. రాష్ట్ర యూనివర్సిటీల ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌ని మనం పాలకమండలి అంటాం, పాతవాళ్ళు ఇప్పటికీ సిండికేట్ అనే అంటారు. అందులో ప్రభుత్వ అధికారులుంటారు, ప్రభుత్వం నామినేట్ చేసేవాళ్ళుంటారు. వాళ్ళ పేర్లు జీవో రూపంలో వచ్చినప్పుడల్లా పేపర్లలో ఫలానా పార్టీవాళ్ళకి ఎన్ని అని లెక్కలు వేస్తారు. ఆ కోపం సబబే. కానీ ఆ కోపం తీసుకొచ్చి అకడమిక్ కౌన్సిల్ మీద చూపిస్తే ఎలా?

టీచర్లు లేరట. మా అటానమస్ కాలేజీ కౌన్సిల్‌నే తీసుకోండి. ప్రిన్సిపాల్ అధ్యక్షుడు. అన్ని డిపార్ట్‌మెంట్ల అధిపతులు, అంటే హెచ్‌ఓడీలు. సీనియారిటీ ప్రకారం వంతుల వారీగా నలుగురు టీచర్లు. బయటి నుంచి పరిశ్రమ, న్యాయం, వైద్యం, విద్య లాంటి రంగాలవాళ్ళు కనీసం నలుగురు, వీళ్ళను గవర్నింగ్ బాడీ నామినేట్ చేస్తుంది. యూనివర్సిటీ నుంచి ముగ్గురు ప్రొఫెసర్లు. మెంబర్ సెక్రటరీగా ఒక అధ్యాపకుడు. గదిలో ఎటు తిరిగినా చేతికి సుద్ద అంటినవాళ్ళే.

జీతం లక్షల్లో. బయటి నుంచి వచ్చేవాళ్ళకి ప్రయాణ ఖర్చులు, సిట్టింగ్ ఫీజు. మాకు టీ, సమోసా. ఈ పాయింటుకి ఇంతకంటే అక్షరం ఎక్కువ రాయను.

ఇక ఆ 15 మార్కుల సంగతికి వద్దాం. నాకు ఒళ్ళు మండింది దీని దగ్గరే.

గజపతినగరం వైపు నుంచి ఒక కుర్రాడు మా ఇంటికి వచ్చాడు, తెలిసినవాళ్ళ అబ్బాయి. డిగ్రీ ఆఖరి ఏడాది, రెండు సబ్జెక్టులు పోయాయి. ఒకదాంట్లో మరీ కొద్దిలో తప్పాడు, రీవాల్యుయేషన్‌లో గట్టెక్కే అవకాశం ఉన్న కేసే. "నోటిఫికేషన్ చూశావా బాబూ?" అంటే, చూశానన్నాడు. ఫీజు కట్టావా అంటే లేదన్నాడు. జేబులోంచి రిజిస్టర్డ్ పోస్టు రసీదు తీసి చూపించాడు. "గౌరవనీయులైన అకడమిక్ కౌన్సిల్ వారికి" అని అర్జీ పంపాడట, మెసేజ్‌లో ఉన్న నమూనా చూసి అచ్చంగా దింపేసి. జవాబు వస్తుందని ఎదురుచూస్తూ ఉన్నాడు. ఆ ఎదురుచూపులోనే రీవాల్యుయేషన్ గడువు అయిపోయింది. సప్లిమెంటరీకి ఫైన్‌తో కట్టే ఆఖరి తేదీ మాత్రం ఇంకా పోలేదు, అంతవరకు అదృష్టం. ఆ ఫైన్ కూడా వాళ్ళమ్మ ఎవరి దగ్గరో అప్పు తెచ్చి ఇచ్చింది. మెసేజ్ రాసిన మహానుభావుడు ఎవరో గానీ, ఆ ఫైన్ ఆయన దగ్గర వసూలు చేయాలి.

నాయనలారా, కౌన్సిల్ చేసేది రూలు. ఎన్ని మార్కులొస్తే పాస్, ఇంటర్నల్స్‌కి ఎంత, ఎక్స్‌టర్నల్‌కి ఎంత, మోడరేషన్ (దిద్దిన మార్కులను అందరికీ ఒకే తీరుగా సరిచేయడం) ఉండాలా వద్దా, ఉంటే ఎలా, ఇవన్నీ అక్కడ తీర్మానం అవుతాయి. ఆ రూలు బ్యాచ్ మొత్తానికి ఒకేలా వర్తిస్తుంది. కొన్ని యూనివర్సిటీల్లో గ్రేస్ మార్కులు ఉంటాయి, కొన్నింట్లో ఉండవు. ఉన్నచోట రిజల్ట్ ప్రాసెస్ చేసేటప్పుడే ఎగ్జామినేషన్ బ్రాంచి కలిపేస్తుంది, ఎవరూ అడగక్కర్లేదు. ఫలానా హాల్‌టికెట్ నంబరు వాడికి దయతలచి పదిహేను కలపండి అని కౌన్సిల్ తీర్మానం చేయడం నా సర్వీసులో చూడలేదు, వినలేదు. అలా చేస్తే మర్నాడు మిగతావాళ్ళంతా హైకోర్టుకి వెళ్ళరూ?

సుప్రీంకోర్టు పేరెత్తారు కదా, సుప్రీంకోర్టు ఏమందో కూడా చూద్దాం. 1984లో మహారాష్ట్ర బోర్డు కేసులో, నిబంధనల్లో రీవాల్యుయేషన్ లేనప్పుడు అది నా హక్కు అని విద్యార్థి అడగలేడని చెప్పింది. చదువుల విషయంలో నిపుణుల మాటను పక్కనపెట్టి కోర్టులు తమ అభిప్రాయం రుద్దకూడదనీ అంది. మెసేజ్ చెప్పినదానికి ఇది పూర్తిగా ఎదురు. విద్యార్థికి నిజంగా పనికొచ్చే తీర్పు ఇంకొకటుంది, అది 2011 ఆగస్టులో సీబీఎస్ఈ కేసులో వచ్చింది. దిద్దిన జవాబు పత్రం సమాచార హక్కు (ఆర్టీఐ) చట్టం కింద సమాచారమే, రాసిన విద్యార్థి దాన్ని చూడొచ్చు, కాపీ తీసుకోవచ్చు. మెసేజ్‌లో దీని ఊసే లేదు. ఉన్నది చెప్పరు, లేనిది పుట్టిస్తారు.

ఆర్టీఐ ఉంది కదా అని దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు కూడా. జవాబు ఇవ్వడానికి వాళ్ళకి 30 రోజులు టైముంటుంది. రీవాల్యుయేషన్ గడువు చాలాచోట్ల పది, పదిహేను రోజులకు మించదు. కాబట్టి ముందు నోటిఫికేషన్‌లో ఉన్న పద్ధతిలోనే ఫీజు కట్టి దరఖాస్తు పెట్టండి. రీకౌంటింగ్ అంటే మొత్తం కూడి చూడటం, వదిలేసిన జవాబు ఉందేమో చూడటం. రీవాల్యుయేషన్ అంటే మళ్ళీ దిద్దించడం. జెరాక్స్ ఇచ్చే పద్ధతి ఉంటే అదీ తీసుకుని మీ లెక్చరర్‌కి చూపించండి. రీవాల్యుయేషన్ ఫలితం వచ్చేలోపు సప్లిమెంటరీ ఆఖరి తేదీ దాటిపోతుందేమో చూసుకుని దానికీ ఫీజు కట్టేయండి. రెండుసార్లు డబ్బు పెట్టాలంటే బాధే, నాకూ తెలుసు. కానీ పీజీసెట్‌లో ర్యాంకు తెచ్చుకుని, చేతిలో పాస్ మెమో లేక సీటు వదులుకున్న పిల్లల్ని చూశాను. ఆ ఏడాది ఎవరూ తిరిగివ్వరు.

పెద్దవాళ్ళకి కూడా ఒక మాట. మీరు దణ్ణం బొమ్మ పెట్టి పంపిస్తే పిల్లలు అది మెసేజ్ అనుకోరు. హెడ్మాస్టరుగా చేసినాయన పంపారు కాబట్టి నిజమే అనుకుంటారు.

మిగిలింది రబ్బరు స్టాంపు. ఇక్కడ నేను మెసేజ్‌ని పూర్తిగా కొట్టిపారేయలేను.

కాగితం మీద పద్ధతి చక్కగానే ఉంటుంది. అటానమస్ కాలేజీలో సిలబస్ పుట్టేది బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో. హెచ్‌ఓడీ, ఆ సబ్జెక్టు టీచర్లు, బయటి యూనివర్సిటీల నుంచి ఇద్దరు నిపుణులు, ప్రిన్సిపాల్ పంపిన ఆరు పేర్లలోంచి వీసీ ఎంపిక చేసిన ఒకరు, పరిశ్రమ నుంచి ఒకరు, బాగా చదివిన పాత విద్యార్థి ఒకరు. ఆ మీటింగుల్లో నిజంగానే గొడవలు అవుతాయి. ఒక యూనిట్ మూడో సెమిస్టర్‌లో ఉండాలా నాలుగులోనా అని మేం లంచ్ దాకా వాదించుకున్న రోజులున్నాయి. ఒకసారి పరిశ్రమ నుంచి వచ్చినాయన రిఫరెన్స్ పుస్తకాల జాబితా పక్కన పెట్టి, "ఇవన్నీ సరే సార్, మీ పిల్లలకి రెండు పేరాల ఈమెయిల్ రాయడం ఎవరు నేర్పుతారు?" అన్నారు. కాసేపు గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక ప్రాక్టికల్ క్రెడిట్ అటు నుంచి ఇటు మారింది. వీసీ ఇష్టం అన్నవాళ్ళు ఇలాంటి గదిలోకి ఎప్పుడూ అడుగు పెట్టలేదని నా నమ్మకం.

కానీ అక్కడి నుంచి అకడమిక్ కౌన్సిల్‌కి వచ్చేసరికి కథ మారుతుంది. అన్ని డిపార్ట్‌మెంట్ల సిలబస్‌లూ కలిపి దిండంత కట్ట. అది మీటింగుకి ముందురోజు సాయంత్రం చేతికొస్తుంది. పొద్దున్న పదిన్నరకు మొదలైతే భోజనాల వేళకి అన్నీ ఆమోదం. కెమిస్ట్రీ హెచ్‌ఓడీ కామర్స్ సిలబస్ మీద ఏం మాట్లాడతారు? మాట్లాడితే తన సిలబస్ మీద కామర్స్ ఆయన మాట్లాడతారు. అందుకని ఇద్దరూ మాట్లాడరు. హాజరు పట్టీలో సంతకం, సమోసా, ఇంటికి.

సెంట్రల్ యూనివర్సిటీలో ఇంకో దారి కూడా ఉంది. వెంటనే చర్య అవసరమని వీసీ అనుకుంటే ఏ అథారిటీ అధికారాన్నైనా తానే వాడొచ్చు, తర్వాతి మీటింగులో చెబితే చాలు. అలా చేసి ఉండకూడదని కౌన్సిల్ అనుకుంటే విజిటర్‌కి నివేదించవచ్చు. వరదలో పరీక్షలు వాయిదా వేయాల్సి వస్తే ఈ అధికారం ఉండాల్సిందే. ప్రతిదీ అత్యవసరం చేసి, తర్వాత "ర్యాటిఫై చేయడమైనది", అంటే జరిగినదాన్ని ఆమోదించామని, ఒక్క లైను రాయించడం మొదలైతే మాత్రం స్టాంపు అన్నవాణ్ణి తప్పుపట్టలేం.

మెసేజ్ రాసినాయనకి అందని సంగతి ఇంకొకటి. మన డిగ్రీ కాలేజీల సిలబస్ చాలావరకు వీసీ చేతిలోనూ లేదు, కౌన్సిల్ చేతిలోనూ లేదు. 2020-21లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లతో వచ్చిన సిలబస్, 2023-24లో వచ్చిన సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే డిగ్రీ), రెండూ రాష్ట్ర ఉన్నత విద్యామండలి నుంచి చట్రంతో సహా దిగాయి. కింద కౌన్సిల్‌కి మిగిలింది కొంత సర్దుబాటు. అంత పెద్ద మార్పు మీద విజయనగరంలో కూర్చున్న మా అభిప్రాయం ఎవరికి కావాలి? ఆమోదించాం, అంతే. స్టాంపు అన్న మాట నాకు గుచ్చుకుంది అందుకే. దానికి తోడు, అటానమస్ కాలేజీ కౌన్సిల్ సభ్యుల జాబితా ఇందాక చెప్పాను కదా, అందులో ఇప్పుడు చదువుతున్న విద్యార్థి ఒక్కడూ లేడు.

అర్జీ రాయాలని నిజంగా ఉబలాటంగా ఉంటే దీని మీద రాయండి. ఆర్టీఐ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన బోర్డులు, కౌన్సిళ్ళు, కమిటీల వివరాలు తనంతట తానే బయటపెట్టాలి. వాటి మీటింగులకు జనం రావచ్చా, మినిట్స్ (చర్చల రికార్డు) జనానికి అందుతాయా అన్నది కూడా చెప్పాలి. మీ కాలేజీ, మీ యూనివర్సిటీ వెబ్‌సైటులో అకడమిక్ కౌన్సిల్ మినిట్స్ ఉన్నాయేమో వెతకండి. లేకపోతే పది రూపాయలు కట్టి అడగండి. సప్లిమెంటరీ ఫీజు కట్టాక.