బ్రెగ్జిట్: తీర్పు సరే, ఐర్లాండ్ సరిహద్దు సంగతేంటి?

"ప్రజలు తీర్పు ఇచ్చేశారు, ఇంకా బ్రెగ్జిట్ మీద వాదన ఎందుకు" అని ఒక వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. 2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలను ఓటింగ్‌లో అడిగింది యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటకు రావాలా (అదే బ్రెగ్జిట్) అని మాత్రమే. 51.9 శాతం బయటకే అన్నారు, కానీ ఎలా రావాలన్న దాని మీద వాళ్లలోనే ఒక మాట లేదు. అందుకే 2019లో అప్పటి ప్రధాని థెరిసా మే యూనియన్‌తో కుదుర్చుకున్న ఒప్పందాన్ని పార్లమెంటు మూడుసార్లు తిప్పికొట్టింది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఉత్తర ఐర్లాండ్ విషయం. అది బ్రిటన్ పాలనలోని ప్రాంతం, దాని సరిహద్దు అవతల ఉన్న ఐర్లాండ్ దేశం యూరోపియన్ యూనియన్‌లోనే ఉంది. అక్కడ దాదాపు 56 శాతం మంది ఉండిపోదామనే ఓటేశారు. అక్కడి దశాబ్దాల హింసను ఆపిన 1998 శాంతి ఒప్పందం తర్వాత సైనిక చెక్‌పోస్టులు పోయి, జనం సరిహద్దు దాటి మామూలుగా తిరుగుతున్నారు. మళ్లీ అక్కడ తనిఖీలు పెడితే ఆ శాంతికే ప్రమాదం, పెట్టకపోతే యూరప్ మార్కెట్‌లోకి ఏ సరుకైనా వెళ్లిపోతుంది, చివరికి ఆ తనిఖీలను బ్రిటన్ నుంచి ఉత్తర ఐర్లాండ్‌కు వెళ్లే సరుకు మీదకు మార్చారు. అంటే ఒకే దేశంలో సరుకు పంపడానికి కస్టమ్స్ కాగితాలు! బ్రిటన్, యూరోపియన్ యూనియన్ 2023లో చేసుకున్న విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ అనే ఒప్పందంతో కొంత సులువైంది, అంతే.

సొంత చట్టాలు మేమే చేసుకుంటాం అనడం తప్పు కాదండీ. దాని ఖరీదు ఓటుకు ముందే చెప్పాలి. యూరోపియన్ యూనియన్‌కు వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నామని ప్రచార బస్సు మీద రాసిన బ్రెగ్జిట్ వాదులు ఈ సరిహద్దు గురించి కూడా జనానికి చెప్పి ఉండాల్సింది.