మా అమ్మకి షుగర్ ఉందని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?

ఒళ్ళు మండిపోతోంది, అందుకే రాస్తున్నా. ఇవాళ మధ్యాహ్నం నెల్లూరులో బంధువుల గృహప్రవేశం. బంతిలో కూర్చున్న అమ్మ చెయ్యి అడ్డం పెట్టినా, ఆ చెయ్యి పక్కకి నెట్టి మరీ మలై కాజా వేయించింది మా మేనత్త. పైగా "ఏం గాదులే వదినా, రాత్రికి ఇంకో బిళ్ళ ఎక్కువేసుకో" అని సలహా. దాని పక్కన ఒక అరిసె. అది బెల్లంతో చేసిందంట, షుగరోళ్ళని ఏమీ చెయ్యదంట. నలుగురిలో కాదనలేక అమ్మ రెండూ సగం సగం తింది. పాకం అంటిన వేళ్ళు విస్తరి అంచుకి తుడుచుకుంటూ నా వైపు చూడలేకపోయింది.

బెల్లం కానీండి, తాటిబెల్లం కానీండి, తేనె కానీండి, అందులో ఉండేది చాలావరకు చక్కెరే. నెత్తుట్లో షుగర్ పెరగడం మాత్రం ఆగదు. ఇక ఆ ఇంకో బిళ్ళ మాట. స్వీటు తిన్నాం కదా అని మనంతట మనం మోతాదు పెంచుకోవచ్చని ఏ డాక్టర్ చెప్పాడు? కొన్ని రకాల బిళ్ళలు ఎక్కువైతే షుగర్ పడిపోతుంది. 70 కంటే కిందకి దిగితే చెమటలు, వణుకు, గుండెదడ. ఇంకా దిగితే మనిషి తెలివి తప్పుతుంది. రాత్రి నిద్రలో అలా జరిగితే ఎవరు చూస్తారు?

మా వీధిలో ఒకాయన ఎవరో చెప్పిన ఆకు పొడి నమ్ముకుని బిళ్ళలు మానేశాడు. కొత్త చెప్పు కరిచి మడమ దగ్గర పుండు పడింది. ఆయనకి నొప్పే తెలియలేదు. షుగర్ ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే పాదాల్లో స్పర్శ పోతుంది. దుప్పటికి రసి అంటడం చూసి ఇంట్లోవాళ్ళు ఆస్పత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. పాదం తీసేశారు. ఆ పొడి చెప్పినాయన పరామర్శకి కూడా రాలేదు.

అన్నిటికంటే నన్ను కాల్చే మాట ఇంకోటి ఉంది. "మీ అమ్మ నోరు కట్టుకోదు, అందుకే తగ్గట్లా." ఎవరమ్మా ఈ మాట అనేది? విస్తట్లో కాజా వేయించినోళ్ళే! 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటే. ఇంతమందికీ నోటి దురదేనా? అమ్మమ్మకి ఉంది, మామయ్యకి ఉంది. పైగా నేను కడుపులో ఉన్నప్పుడే అమ్మకి షుగర్ కనిపించింది. కాన్పయ్యాక పోయిందిలే అనుకున్నారు. అలా వచ్చిన ఆడవాళ్ళకి తర్వాత మళ్ళీ వచ్చే ప్రమాదం ఎక్కువ, కాన్పు తర్వాత కూడా పరీక్షలు చేయిస్తూ ఉండాలి. ఇంతమంది పెద్దోళ్ళున్న ఇంట్లో ఒక్కరూ ఆమెని మళ్ళీ పరీక్షకి తీసుకుపోలేదు.

నాన్నకి షుగర్ వచ్చినప్పుడు ఇల్లంతా మారిపోయింది. కొర్రలు వచ్చాయి, టైముకి టిఫిన్ వచ్చింది, పొద్దున్నే స్టేడియంలో వాకింగ్ మొదలైంది. ఇవన్నీ అమర్చింది అమ్మ. అదే అమ్మకి వస్తే ఏం మారింది? తెల్లారి నడకకి పోతానంటే "కాఫీ ఎవరు పెడతారు" అన్నారు. ఆదివారమైతే చాలు, మామిడికాయ వేసి వండిన చేపల పులుసు కోసం చుట్టాలంతా దిగుతారు. "వదిన చెయ్యి పడితే ఆ రుచే వేరు" అని లొట్టలేస్తారు. వాళ్ళందరి చేతులూ కడిగాక, మూడింటికి, అడుగున మిగిలిన అన్నం పారెయ్యబుద్ధి కాక అదంతా తన కంచంలో వేసుకుంటుంది. బిళ్ళ పొద్దున వేసుకుంటే తిండి మూడింటికి. ముక్కలు ఉండవు, పులుసే. కూర ఎక్కువ, అన్నం తక్కువ తినమని డాక్టర్ చెప్పాడు. ఆమె వంతు వచ్చేసరికి కూర మిగిల్తే కదా!

పరగడుపు రీడింగ్ చూసి "బానే ఉందిగా" అంటారు. మూడు నెలల సరాసరి చెప్పే పరీక్ష హెచ్‌బీఏ1సీ. చాలామందికి అది 7 లోపు ఉండాలంటారు. అమ్మకి మొన్న 9 దాటింది. ఆ కాగితం చూసి కూడా మా అత్త "వయసుతో వచ్చేవేలే" అంది.

అందుకే చెప్తున్నా. వచ్చే ఆదివారం నుంచి అమ్మ పన్నెండున్నరకే తింటుంది, ముక్కలతో, కూరలతో. అన్నం కొలిచి పెట్టేది నేను. తిన్నాక కాసేపు వీధి చివరిదాకా నడిచొస్తుంది. ఆ టైములో వడ్డించేది నేనూ తమ్ముడూ, గిన్నెలు కడిగేది నాన్న. ఆయన ఒప్పుకున్నాడు. పొద్దున కాఫీ ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి. ఇష్టమైనోళ్ళు రండి, చేతిలో స్వీట్ బాక్సు లేకుండా రండి. ఇది ఫ్యామిలీ గ్రూపులో కూడా పెడుతున్నా, అత్తా, నువ్వు చదవాలనే.