‘ఇష్టమైతేనే’ అన్నారుగా!

హనుమకొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల వార్షికోత్సవంలో ఏం జరిగిందో ఈపాటికి అందరికీ తెలుసు. సరస్వతి ప్రార్థన బృందంలో పాడనని ఎనిమిదో తరగతి అమ్మాయి వారం ముందే చెప్పింది. ‘ఇష్టమైతేనే పాడు, బలవంతమేం లేదు’ అన్నారు సార్లు. తీరా ఆ రోజు మైకులో ‘అందరూ లేచి చేతులు జోడించండి’ అని వినపడగానే ఆ పిల్ల లేచి నిలబడింది, చేతులు మాత్రం జోడించలేదు. మర్నాడు ఆఫీసు గదికి పిలిచి, తెల్ల కాగితం చేతికిచ్చి క్షమాపణ రాయించుకున్నారు. రాయించుకున్నది ‘ఇష్టమైతేనే’ అన్నవాళ్లే.

సరస్వతి చదువుల తల్లి, ఇది సంస్కృతే తప్ప మతం కాదని చాలామంది ఉపాధ్యాయులు మనస్ఫూర్తిగా నమ్ముతారు. నమ్మనివ్వండి. బాసర తీసుకెళ్లి పలకా బలపం పట్టించి అక్షరాభ్యాసం చేయించే అమ్మానాన్నలను ఎవరూ తప్పుపట్టరు. అక్కడికి వాళ్లంతట వాళ్లే వెళ్తారు, టికెట్టూ వాళ్లే కొనుక్కుంటారు. సర్కారు బడి సంగతి అది కాదు.

బడిలో వార్షికోత్సవం ఎలా నడుస్తుందో చూసినవారికి ఈ ‘ఇష్టం’ ఏపాటిదో తెలుసు. పది రోజుల ముందు నుంచే మధ్యాహ్నం పీరియడ్లు రిహార్సల్స్‌కు పోతాయి. గొంతు బాగున్న నలుగురైదుగురిని తెలుగు సారో మేడమో ఏరతారు. వేదిక మీద ఓ పక్క బల్ల, దాని మీద పటం, బంతిపూల దండ, కుంది, వత్తులు, కొబ్బరికాయ. ఎదురుగా పిల్లలు తరగతుల వారీగా వరుసల్లో, పక్కన విజిల్‌తో పీఈటీ. అతిథి వత్తి ముట్టిస్తే గాలికి ఆరుతుంది. మళ్లీ ముట్టిస్తారు, ఫోటో కోసం ఇంకోసారి. అంతసేపూ వేదిక మీది కళ్లు వరుసల మీదే ఉంటాయి. మూడు వందల మందిలో చేతులు కిందికి వదిలిన ఒక్కరు ఎంత దూరానికైనా కనపడతారు. చేతులు జోడించమని మైకు ఆజ్ఞాపించాక ఇంకా ‘ఇష్టమైతేనే’ ఎక్కడుంది?

చట్టం సంగతి సార్లకు తెలియదనుకోలేం. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన ఉండరాదని రాజ్యాంగం 28(1) అధికరణ చెబుతోంది. ప్రార్థన బోధన కిందికి రాదనే వాదన ఉంది. అయితే 28(3) చదవండి. అందులో ఆరాధన కూడా ఉంది. ప్రభుత్వ గుర్తింపు గానీ ప్రభుత్వ నిధులు గానీ ఉన్న ఏ బడిలోనైనా, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి లేనిదే ఆరాధనకు హాజరు కమ్మనకూడదు. అంటే, వద్దని చెప్పుకునే భారం పిల్లది కాదు. సమ్మతి ముందుగా తెచ్చుకునే భారం బడిది. అడ్మిషన్ ఫారంలో మతం గడి పెట్టడం మరిచిపోని మనం సమ్మతి గడి ఎక్కడ పెట్టాం?

కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయ గీతానికి మర్యాదగా లేచి నిలబడ్డారు, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. 1985లో బడి నుంచి పంపేశారు. వాళ్లను తిరిగి చేర్చుకోవాలని 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. జాతీయ గీతం విషయంలోనే నిలబడితే చాలన్నప్పుడు, కొబ్బరికాయ దగ్గర చేతులు జోడించలేదని లేఖ రాయిస్తారా?

ఇంతకీ ఆ పిల్లది ఏ మతమని ఫోన్లు చేసి అడుగుతున్నారు. మేం రాయం. భద్రకాళి గుడి, ఫాతిమా చర్చి, కాజీపేట దర్గా ఉన్న ఊళ్లో ఆ ప్రశ్నకు ఏ జవాబిచ్చినా కొట్లాట దారి మళ్లుతుంది. అమెరికాలో ప్రావిడెన్స్ నగరపు బడి వీడ్కోలు సభలో ప్రార్థన మీద కోర్టుకెళ్లింది యూదు కుటుంబం. ఆ ప్రార్థన చేసిందీ యూదు మతగురువే. సభకు రావడం తప్పనిసరి కాదు కదా అని బడి వాదించింది, అంటే అదే ‘ఇష్టమైతేనే’. చదువు ముగిసిన రోజు సభకు రాకుండా ఉండగలగడం పిల్లకు నిజమైన ఇష్టం కిందికి రాదని 1992లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో కొట్టేసింది. మన రాష్ట్ర హైకోర్టు 2023లో జనన ధ్రువీకరణ దరఖాస్తులోనే ‘మతం లేదు, కులం లేదు’ అనే గడి పెట్టమంది. ఏ మతమూ లేని పిల్లకైనా వర్తించే హక్కు ఇది.

పిల్లలను మానసికంగా వేధించరాదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ అంటోంది. పదమూడేళ్ల పిల్లను అమ్మానాన్న లేకుండా గదిలో కూర్చోబెట్టి తప్పు ఒప్పించడాన్ని ఏమంటారో మండల విద్యాధికారి (ఎంఈవో) గారే చెప్పాలి. విచారణ పేరుతో ఇంకో కాగితం పుట్టించకండి. ఉన్న కాగితం వెనక్కివ్వండి. రేపు టీసీ రాసేటప్పుడు ‘ప్రవర్తన’ గడిలో ఈ గొడవ నీడ పడకుండా చూడండి. వచ్చే ఏడాది సభను ‘జయ జయహే తెలంగాణ’తో మొదలుపెట్టండి. పూజ చేసుకోవాలనుకునే ఉపాధ్యాయులు సభకు ముందో తరవాతో మైకు లేకుండా చేసుకోండి, వరుసల్లో నిలబెట్టిన పిల్లలు అందుకు అక్కర్లేదు.

లేదు, ఎవరో ఒకరు క్షమాపణ చెప్పి తీరాలంటారా, అదే కాగితం వెనకవైపు ఖాళీగా ఉంది. హెడ్మాస్టరు గారు రాసుకోవచ్చు. ఇష్టమైతేనే.