ఆ పుండుకు కత్తి పెట్టొద్దు
పయోడెర్మా గ్యాంగ్రినోసమ్ అనే అరుదైన చర్మవ్యాధి గురించీ, దాని మందుల గురించీ ఒక వ్యాసం చదివాను. ఆ పుండుకు మూలం క్రిములు కావు, అదుపు తప్పిన రోగనిరోధక సంకేతాలే అని అందులో రాసింది అక్షరాలా నిజం. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే జబ్బు) ఉన్న మా పెద్దమ్మకు మోకాలి కింద చిన్న పొక్కు లేచి, చూస్తుండగానే అరచేయంత పుండైంది. అంచులు వంకాయ రంగులోకి తిరిగాయి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేది. ఇన్ఫెక్షన్ అనుకుని కోసి శుభ్రం చేసిన ప్రతిసారీ ఇంకా పెద్దదైంది. ఈ జబ్బు తీరే అంత. చర్మానికి చిన్న దెబ్బ తగిలినా ఐఎల్-1, ఐఎల్-8, టీఎన్‌ఎఫ్ లాంటి వాపును రేపే సంకేత ప్రోటీన్లు ఎగసిపడొచ్చు, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపులుగా వచ్చి సొంత కణజాలాన్నే దెబ్బతీస్తాయి. చర్మవైద్యురాలు బయాప్సీ (చర్మపు ముక్క తీసి చేసే పరీక్ష) చూసి, కత్తి పెట్టొద్దని చెప్పి స్టెరాయిడ్ మొదలుపెట్టాకే పెద్దమ్మకు నొప్పి తగ్గింది. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఈ పుండ్లకు పనిచేస్తుందని 2006లో వెలువడిన బ్రిటన్ ట్రయల్ చూపింది. కానీ ఆ మందుల గురించి అంత రాసి, ముందు టీబీ పరీక్ష తప్పనిసరని వ్యాసంలో చెప్పకపోవడం పెద్ద లోటు. మన దేశంలో ఒంట్లో టీబీ నిద్రాణంగా ఉన్నవాళ్లు చాలామంది. టీబీని కట్టడి చేసేదీ ఆ టీఎన్‌ఎఫే కాబట్టి, దాన్ని ఆపితే జబ్బు పైకి రావచ్చు. పెద్దమ్మకు ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష చూశాకే ఆ ఇంజెక్షన్ మాట ఎత్తారు.