మా యాస వినబడ్డకాడికే మేం పోయినం

"యూట్యూబ్ వచ్చి ఇండ్లల్ల టీవీ చూసే పద్ధతే ఖరాబైంది" అని పెండ్లికి పోయినా, దినాలకు పోయినా ఎవరో ఒకరు అంటనే ఉన్నరు. ఒకప్పుడు ఇంటిల్లిపాది ఒక్కకాడ కూసొని చూసేటోళ్లమట, ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్లదే అయిందట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తది. ఒక్కకాడ కూసొని చూసినమాట నిజమే. ఏం చూసినం, అందుల మనం ఎక్కడున్నం అని మాత్రం ఎవ్వరూ అడుగరు.

తెలుగు టీవీ నిన్నమొన్న పుట్టింది గాదు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977ల మొదలైంది. 1995ల ఈటీవీ, జెమినీ వచ్చినయి, ఆ తర్వాత వరుసబెట్టి వచ్చినయి. ఇన్నేండ్లల్ల మా జగిత్యాల మనిషి మాట్లాడినట్టు సీరియల్ల ఎవరు మాట్లాడిన్రు? పనిమనిషి మాట్లాడింది. వాచ్‌మన్ మాట్లాడిండు. రౌడీ మాట్లాడిండు. నవ్వు పుట్టించాల్సినోడు మాట్లాడిండు. ఇంటి పెద్ద మాట్లాడలే, డాక్టర్ మాట్లాడలే, ప్రేమించిన పిల్ల అసలే మాట్లాడలే. ఇది మా ఒక్కల బాధ గాదు. శ్రీకాకుళం మాట వినబడ్డదంటే వాడు అమాయకుడు, రాయలసీమ మాట వినబడ్డదంటే వాని చేతుల వేటకొడవలి. ఆఖరికి గుంటూరు పల్లెల మిరప తోటల పనిచేసే ఆమె మాట గూడ సీరియల్ల లేదు. సీరియల్ మాట ఏ ఊరి మాట గాదు, స్టూడియోల పుట్టి స్టూడియోలనే పెరిగింది.

మా అమ్మ బీడీలు చేస్తది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు ఊరూర ఉన్న పనే ఇది. చాట ఒళ్ల పెట్టుకొని, కత్తిరించిన తునికాకుల తంబాకు పోసి, చుట్టి, కొసలు మడిచి దారం కట్టాలె. చేతులు ఆగవు, కండ్లు చాట మీదికెల్లి కదలవు. అంటే మా అమ్మ ఇన్నేండ్లు టీవీ చూసుడు తక్కువ, వినుడే ఎక్కువ. టీవీ గురించి పెద్దపెద్ద వ్యాసాలు రాసేటోళ్లు ఈ సంగతి పట్టించుకోరు. బీడీలు చుట్టుకుంట, మిషన్ కుట్టుకుంట, కూరగాయలు కోసుకుంట టీవీ వినే ఆడోళ్లు మన దగ్గర లెక్కలేనంత మంది ఉన్నరు. వినేటోళ్లకు మాటే సర్వం. సీరియల్ల ఒక మొఖాన్ని ఇటుకెల్లి, అటుకెల్లి, మీదికెల్లి చూపించి ఉరుము చప్పుడు పెడతరు. వినే మనిషికి అందుల ఉరుము తప్ప ఏమున్నది? మాటే లేకుండ మ్యూజిక్ మోగుతనే ఉంటది. "ఏమైందిరా, ఎవలన్న సచ్చిన్రా?" అని మా అమ్మ అడిగేది. లేదమ్మా, ఒకలనొకలు చూసుకుంటున్నరు అని చెప్పేటోన్ని. ఆ నడుమ నడుమ వచ్చే మాటలు గూడ ఆమె జీవితంల ఎవరి నోట్ల వినని మాటలు.

2016 సెప్టెంబర్ల జియో వచ్చింది. మొదట్ల నెలలకు నెలలు నెట్ ఉచితం, తర్వాత గూడ చేతికందే ధరే. అప్పటిదాక మగోళ్ల జేబుల ఉన్న ఫోన్ ఆడోళ్ల చాట పక్కకు వచ్చింది. అప్పటికే మా జిల్లాలనే, మల్యాల మండలం లంబాడిపల్లిల, కొందరు పిల్లలు 2012 నుంచి 'మై విలేజ్ షో' పేరు మీద వీడియోలు తీస్తున్నరు. వాకిలి, చెల్క, గల్లీ, అదే వాళ్ల సెట్టింగు. కూలికి పోయే గంగవ్వను తెచ్చి కెమెరా ముందట నిలబెట్టిన్రు. మా పక్కింటి అవ్వ తిట్టినట్టే ఆమె తిట్టింది, అట్లనే నవ్వింది. ఆ గొంతు మొదటిసారి విన్ననాడు మా అమ్మ చేతుల బీడీ ఆపి తలెత్తింది. "గీమె మనామెనే గదరా" అన్నది. ఏ సీరియల్ గురించి గూడ మా అమ్మ నోట్ల ఆ మాట రాలే.

ఆంధ్ర దిక్కు గూడ ఇదే జరిగింది. తెనాలి దగ్గర గుడివాడ అనే ఊర్ల మస్తానమ్మ అని వందేండ్లు దాటిన అవ్వ. ఆరుబయట పొయ్యి పెట్టి, అల్లం పొట్టు గోళ్లతోనే గీకి, కూర వండుతుంటే ఇంటి పిల్లగాండ్లే వీడియో తీసి 'కంట్రీ ఫుడ్స్' ఛానెల్ల పెట్టిన్రు. 2018 డిసెంబర్ల ఆమె కాలం చేసేనాటికి ప్రపంచమంత ఆమెను చూసింది. టీవీల వంట ప్రోగ్రాములు నేను చిన్నప్పటి సంది చూసిన. రంగురంగుల వంటిల్లు, గాజు గిన్నెలల్ల ముందే కోసిపెట్టిన ఉల్లిగడ్డలు, ముద్ద నోట్ల పెట్టుకోకముందే "వావ్" అనే యాంకర్. కట్టెలపొయ్యి ఊదే మనిషిని, పొగకు కండ్లు తుడుసుకునే మనిషిని అందుల ఏనాడూ సూడలే.

గల్ఫ్‌ల ఉన్న మా ఊరోళ్ల సంగతి గూడ చెప్పాలె. మా చిన్నాయన మస్కట్ల క్యాంపుల ఉంటడు. రూముల టీవీ ఉన్నా అందుల తెలుగు రావాలంటే ఎవలో పూనుకొని డిష్ పెట్టాలె, అందరు పైసలు జమచేయాలె, ఆ టీవీని మలయాళీలతోని, బంగ్లాదేశ్ వాళ్లతోని పంచుకోవాలె. ఇప్పుడు డ్యూటీ నుంచి వచ్చి మంచం మీద ఒరిగి ఫోన్ల ఊరి వీడియోలు పెట్టుకుంటడు. "కథ ఏదైతేంది రా, ఎనుక కోడి కూసింది ఇనబడితే సాలు" అన్నడు నాతోని. ఇక్కడ మా అమ్మ, అక్కడ మా చిన్నాయన ఒకటే వీడియో చూస్తరు. శుక్రవారం ఫోన్ చేసినప్పుడు "వదినె, గంగవ్వ గట్లన్నది చూసినవా?" అని దాని మీదనే ముచ్చట పెట్టుకుంటరు. ఇంటిల్లిపాది కూసొని చూసుడు పోయిందని ఏడ్చేటోళ్లు దీన్ని ఏ లెక్కల రాస్తరు? మా ఇంటిల్లిపాది అంటే మస్కట్ మంచం గూడ అందుల భాగమే. టీవీ కాలంల ఆ మంచం లెక్కల లేకుండె.

ఛానెళ్లకు ఇది ఎందుకు సమజ్ గాలేదో చెప్తున్న. ఏ ఛానెల్‌ను ఎందరు చూసిన్రో లెక్కగట్టి రేటింగులు బార్క్ అనే సంస్థ ఇస్తది, ప్రతి గురువారం. దేశం మొత్తంల మీటర్లు ఉన్న ఇండ్లు 60 వేల లోపే. ఛానెల్ శబ్దంల మనకు వినబడకుండ దాచిపెట్టిన గుర్తును ఆ మీటర్ పట్టుకొని ఏ ఛానెల్ నడుస్తున్నదో రాసుకుంటది. కోడలు పొద్దుగాల చాయ పెట్టుకుంట అదే సీరియల్ ఫోన్ల చూస్తే ఆ లెక్కల పడది. అమ్మ హాల్ల టీవీల యూట్యూబ్ పెట్టుకుంటే ఏ ఛానెల్ ఖాతాల రాదు. అక్కడ గురువారం రేటింగ్ పడిపోయిందని ఇంకో యాక్సిడెంట్, ఇంకో గతం మర్చిపోవుడు, ఇంకో కవల చెల్లె. పోయినోళ్లు ఎందుకు పోయిన్రో మీటర్ చెప్పది. ఇంకా మిగిలినోళ్లు దేనికి కదులుతున్నరో అదొక్కటే చెప్తది, దాన్నే పట్టుకొని సాగదీస్తరు.

పైసలు మాత్రం ముందే దారి చూసుకున్నయి. 2022ల ఐపీఎల్ హక్కుల వేలంల మన దేశంల ఐదేండ్ల టీవీ హక్కులు 23,575 కోట్లకు పోతే, డిజిటల్ హక్కులు 23,758 కోట్లకు పోయినయి. 2023 సీజన్ ఫోన్లల్ల ఉచితంగనే చూపించిన్రు. క్రికెట్ చూసే పిలగాడు ఎటు పోతున్నడో కంపెనీలు అంత బాగ కనిపెట్టినయి. మరి బీడీలు చేసే ఆమె ఎటు పోయిందో, ఎందుకు పోయిందో కనుక్కోవాలన్న అక్కెర ఎవలకన్న ఉన్నదా?

కనుక్కున్నోళ్లు ఏం చేసిన్రో గూడ చూసినం. 2020ల గంగవ్వను బిగ్‌బాస్‌కు పిలిచిన్రు. ఆమె పోయినందుకు నాకు సంతోషమే. సొంతిల్లు కట్టుకోవాలన్నది ఆమె కోరిక, ఆ ప్రోగ్రాంతోని అది తీరింది. గని ఏసీ ఇంట్ల, నాలుగు గోడల నడుమ ఆమెకు ఒంట్ల బాగుండక కొన్ని వారాలకే బయటకు రావాల్సి వచ్చింది. వాకిట్ల, చెట్ల కింద రాజ్యమేలిన మనిషిని తీస్కపోయి కెమెరాల నడుమ పెడితే ఏమైతది? టీవీకి గంగవ్వ కావాలె, లంబాడిపల్లి వద్దు. ఆమె చుట్టు ఉన్న ఊరు, ఆ ఊరి పని, ఆ ఊరి పిల్లలు రాసిన కథ వద్దు. ఇప్పటికీ అంతే. యూట్యూబ్‌ల పేరొచ్చిన ప్రతి మనిషినీ పండుగ ప్రోగ్రాంకు పిలిచి స్టెప్పులు వేయించి పంపిస్తరు. వాళ్లు యూట్యూబ్‌ల చేసిన పనిని మాత్రం ఒక్క గంట గూడ ప్రైమ్‌టైమ్‌ల పెట్టరు.

టీవీల అందరినీ ఒకటే గాట కడితే అన్యాయం అయితది. వీ6 ఛానెల్ తీన్మార్ వార్తలు మా యాసల మొదలుపెట్టిననాడు మా ఊర్ల చాయ హోటళ్లల్ల సౌండ్ పెంచి పెట్టిన్రు. వార్త చదివేటోడు మా లెక్క మాట్లాడొచ్చని మాకు తెలిసింది అప్పుడే. ఏటేటా బతుకమ్మ పాట తీసుడు గూడ ఛానెళ్లు మంచిగ పట్టుకున్న పని. మంగ్లీ అట్లనే ఇంటింటికి తెలిసింది. సినిమా గూడ ఈ మధ్య మారింది, హీరోనే మా యాస మాట్లాడుతున్నడు. సీరియళ్లల్ల గూడ ఒకటీ అర ప్రయత్నాలు జరిగినయి. చేస్తే అయితదని ఇవే సాక్ష్యం. అందుకే చెయ్యనోళ్ల మీద నాకు ఇంకింత కోపం.

ఇగ యూట్యూబ్‌ను నెత్తిన పెట్టుకొని ఊరేగుదామని నేను రాస్తలేను. అక్కడ మనోళ్లు చేస్తున్న పాపాలు గూడ చూస్తున్న. వీడియో మీద వచ్చే యాడ్ పైసలల్ల 55 శాతం తీసినోళ్లకే ఇస్తది యూట్యూబ్. దాంతోని ఊర్ల ఉండి బతకొచ్చు, అది గొప్ప సంగతే. గని ఎనిమిది నిమిషాలు దాటితేనే నడుమ యాడ్స్ పెట్టుకోవచ్చనే రూల్ ఉన్నది. రెండు నిమిషాల చట్నీకి ఎనిమిది నిమిషాల ఉపన్యాసం అందుకే. ఊరి షార్ట్ ఫిల్ములు మస్తు వస్తున్నయి, అండ్ల సగం అత్తాకోడళ్ల కొట్లాటలే. సీరియల్‌ను కాదని వచ్చి, పట్టుచీరె తీసి నేతచీరె కట్టి మళ్ల అదే సీరియల్ తీస్తే ఎట్ల? ఇంకా ఘోరం థంబ్‌నెయిళ్లు, అంటే వీడియో వత్తకముందు కనబడే బొమ్మలు. 2023ల కోట శ్రీనివాసరావు బతికుండంగనే పోయిండని పుకారు పుట్టించి పంచిన్రు. అంత పెద్ద నటుడు, ఆ వయసుల, తనే వీడియోల కనబడి బాగున్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. అసొంటి వీడియోను వత్తినోళ్లం, పంపినోళ్లం మనమే. ఒక్కొక్క వత్తుడు ఆ వీడియో పెట్టినోనికి పైసలు.

వీటన్నిటికంటె నన్ను ఎక్కువ కుతకుత ఉడికిస్తున్నది ఇంకోటి. మా అమ్మకు చదువు రాదు. టీవీకి నెట్ పెట్టినంక ఆమె రిమోట్ల మైక్ గుండీ వత్తి మాట్లాడుడు నేర్చుకున్నది. ఎవలనూ అడుగకుండ తనకు కావాల్సింది తనే పెట్టుకుంటది, ఆమె బతుకుల రిమోట్ ఆమె చేతికి రావుడు ఇదే మొదలు. గని ఆమె మామూలుగ మాట్లాడినట్టు అంటే అది సమజ్ చేసుకోదు. వేరే ఏదో తెచ్చి పెడతది. అందుకే ఆమె ఇప్పుడు గొంతు సవరించుకొని, వార్తలు చదివినట్టు, "గంగవ్వ కొత్త వీడియోలు చూపించండి" అంటది. సొంత ఇంట్ల, సొంత టీవీతోని, మా అమ్మ పరాయిదాని లెక్క మాట్లాడుతది. వచ్చినంక మాత్రం అందుల గంగవ్వ మా అమ్మ మాటనే మాట్లాడుతది.

ఆ మైక్‌కు మాట నేర్పేటోళ్లు దునియా అవతల లేరు. ఈ పని చేసే ఇంజినీర్లు హైదరాబాద్‌లనే మస్తు మంది ఉన్నరు, అండ్ల ఎందరో మా కరీంనగర్, పాలమూరు, శ్రీకాకుళం పిల్లలే. వాళ్లకే చెప్తున్న. ఊర్లకు రాండ్రి. బీడీ కార్ఖానలకు, కుట్టుమిషన్ల సెంటర్లకు, ఉపాధి పనులకాడికి రాండ్రి. మా అమ్మలు పొద్దంత మాట్లాడుతరు, అడిగి రికార్డు చేసుకోండ్రి, వాళ్ల టైముకు పైసలు గూడ ఇయ్యుండ్రి. సీరియళ్లు రాసేటోళ్లు గూడ వాళ్లెంబడే వచ్చి పక్కపొంటి కూసుంటే నాకేం అభ్యంతరం లేదు.